కుండకు అవతలి వైపు

"ఆ పిల్లకి పొగరు గురువుగారూ!"

చెప్పులు ఇంకా పూర్తిగా విడవనేలేదు, భావనారాయణ గడపలోనే మొదలుపెట్టాడు. ఆ శనివారం ఒంటిపూట బడి. బడి వదలగానే అన్నం కూడా తినకుండా ఎండలో సైకిలు తొక్కుకుంటూ చీరాల వచ్చాడు. చంకలో డ్రాయింగు కాగితాల చుట్ట ఉంది. ముఖం నిండా చెమట, చెమటకి రెండింతలు కోపం.

మీరా మాస్టారు చాప మీద కూర్చుని కుంచెలు కడుక్కుంటున్నారు. ఆయన అసలు పేరు నాగూర్ మీరా. పౌరాణిక నాటకాలు తెల్లవార్లూ ఆడే రోజుల్లో ఆయన తెరలు వేసేవారు. రాజదర్బారు తెర, అడవి తెర, శ్మశానం తెర. ఏ ఊళ్ళో నాటకమైతే ఆ ఊరికి ముందుగానే వెళ్ళి, ఇంకా జనం లేని పందిట్లో, జనం కూర్చునేచోట గోనెపట్టా పరుచుకుని కాసేపు ఊరికే కూర్చునేవారు. దీపాలు ఎక్కడ కట్టారో, అక్కణ్ణుంచి ఏది ఎట్లా కనపడుతుందో చూసుకుని గానీ దర్బారు స్తంభాలకు నీడ వేసేవారు కారు. నాటకాలవాళ్ళు ఆయన్ని చూసి నవ్వుకునేవాళ్ళు. ముసలాయన టిక్కెట్టు లేని నాటకం చూస్తున్నాడు అనేవాళ్ళు.

నాటకాలు పోయాయి, తెరలు చిరిగిపోయాయి. ఆయనకు మిగిలింది బస్టాండు వెనక మేడమీద ఒక్క గది, దానికి ఒక్క కిటికీ. ఆ గదిలోనే భావనారాయణ ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. తర్వాత పరీక్ష రాసి, ట్రైనింగు చేసి, సర్టిఫికెట్టు తెచ్చుకుని, ఈ మధ్యే ఒక పల్లెటూరి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారయ్యాడు. అయిన దగ్గర్నుంచి గురువుగారి గడపకి రావడం తగ్గింది. వచ్చినప్పుడు మాత్రం ఎవరో ఒకరి మీద ఫిర్యాదుతో వస్తాడు.

"ముందు నీళ్ళు తాగు," అన్నారు మాస్టారు.

"నీళ్ళు తర్వాత. ముందు నా మాట వినండి. ఏడో తరగతిలో ఏస్తేరని ఒక పిల్ల ఉంది..."

"ఊఁ."

"నేను వెలుగునీడలు చెప్తున్నా వాళ్ళకి. ఊరికే చెప్పటం కాదు, పద్ధతిగా. ముందు గళ్ళు గీయించా. ఈ కొసన తెల్ల కాగితం, ఆ కొసన కాటుక నలుపు, మధ్యలో గడి గడికీ కొంచెం కొంచెం ముదరాల. అదయ్యాక కళ్ళు సగం మూసి చూడటం నేర్పించా. రంగు సంగతి మర్చిపోండి, ఎక్కడ లేత, ఎక్కడ ముదురు, అదొక్కటే పట్టుకోండి అన్నా. పిల్లలు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుని ఒకటే నవ్వులు. అయినా నేర్చుకున్నారు."

ఇంతవరకూ బాగానే నేర్పాడు. కాదనడానికి లేదు. నల్లగా రుద్దితే నీడ అయిపోయిందనుకునే పిల్లల చేత నలుపుకీ తెలుపుకీ మధ్య అన్ని ఛాయలున్నాయని ఒప్పించడం మాటలు కాదు.

"తర్వాత స్టూలు మీద కుండ పెట్టా," అన్నాడు భావనారాయణ. "బోర్డు మీద నేను వేసి చూపించా. ఎడమవైపు వెలుతురు, కుడివైపు నీడ. క్లాసంతా చక్కగా వేశారు. ఈ పిల్ల ఒక్కతే తిరగేసి కూర్చుంది. ఎడమవైపంతా నలుపు, కుడివైపు తెలుపు! ఏందమ్మా ఇది అని అడిగితే, 'అట్టాగే ఉంది గదా సార్' అంటది."

"అంటే నువ్వేం చేశావు?"

"చెరిపి సరిగ్గా దిద్ది ఇచ్చా. నా చేత్తో నేనే. పోనీలే, చిన్నపిల్ల అని. మళ్ళీ క్లాసులో చూద్దును గదా, మళ్ళీ అదే బొమ్మ! ఈసారి అందరి ముందూ చెరిపి దిద్దా. కుండ ఎట్టా ఉందో నాకు నేర్పుతావా అని అడిగా. తల వంచుకుంది గానీ తప్పని ఒప్పుకోలా. అదీ పొగరంటే!"

ఇక్కడ నేను కొంచెం ఆగి నా కడుపుమంట చెప్పుకోవాలి. పన్నెండేళ్ళ పిల్ల ఏడిస్తే మన బళ్ళలో మంచిపిల్ల అంటారు. ఎదురు మాట్లాడితే వెళ్ళి మీ నాన్నని పిలుచుకురా అంటారు. ఏడవకుండా, ఎదురాడకుండా, తల వంచుకుని మళ్ళీ అదే బొమ్మ వేస్తే ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. తెలీదు కనక దానికి పొగరు అని పేరు పెట్టి చేతులు దులుపుకుంటారు. ఆ పిల్ల ఎందుకు వేసిందో వెళ్ళి చూద్దామని ఒక్కడికీ తోచదు.

భావనారాయణకీ తోచలేదు. అతని కోపం ఇంకా అయిపోలేదు.

"సోమవారం హెడ్మాస్టరు గారికి పేరు చెప్పాల. జిల్లా పోటీకి బడికొక్కళ్ళే. నిజం చెప్పొద్దూ, షేడింగులో ఆ పిల్లని మించినవాళ్ళు మా బళ్ళో లేరు. ఆ గళ్ళలో ఆ పిల్ల తెచ్చిన ఛాయలు నేనూ తేలేను. ఆ పిల్లనే పంపిద్దామనుకున్నా. ఇప్పుడు ఛస్తే పంపను. ప్రణీత్ అని ఒకడున్నాడు, వాణ్ణి పంపుతా. నేను బోర్డు మీద ఏది వేస్తే అది వేసినట్టు దించేస్తాడు. అసలు ఆ పిల్లని ఇక నా క్లాసుకే రావొద్దన్నా. ఇవాళ పొద్దున్నే చెప్పేశా. చెప్పినట్టు వేసుకొస్తే రా, లేకపోతే ఆ గంటలో బయట కూర్చుని లెక్కలు చేసుకో అన్నా."

మాస్టారు కడుగుతున్న కుంచెను పక్కన పెట్టారు.

"ఆ మాటకి ఏమంది?"

"ఏమంటది? ఏమీ అనలా. పెన్సిలు పెట్టెలో పెట్టుకుంది."

మాస్టారు తువ్వాలుకి చేతులు తుడుచుకున్నారు. "ఏదీ, బొమ్మలు చూపించు."

భావనారాయణ చుట్ట విప్పి కాగితాలు పరిచాడు. మాస్టారు ఒక్కొక్కటే తీసి చూశారు. అన్నీ ఒకే కుండ. అన్నిటికీ నీడ ఒకే చోట మొదలై ఒకే చోట అయిపోయింది. ఎవరిదెవరిదో మూలన రాసిన పేరు చూస్తే తప్ప తెలీదు. భావనారాయణ ఆయన ముఖంలోకి చూస్తూ మెచ్చుకోలు కోసం కాచుకుని ఉన్నాడు.

అట్టడుగున ఏస్తేరు కాగితం ఉంది. దాన్ని ఆయన కాసేపు చూశారు.

"దీనికి మూతి పగిలి ఉందేంది?"

"ఆ కుండకి పగిలే ఉంది లెండి. తెచ్చేటప్పుడు ఎవరో తగిలించారు."

"మరి మిగతావాటికి లేదే?"

"నేను బోర్డు మీద వెయ్యలేదు గదా. చూడటానికి బాగుండదని వదిలేశా."

మాస్టారు కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. దాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టి, కొంచెం అటూ ఇటూ కదిపారు. పైన భావనారాయణ దిద్దిన నీడ కుడివైపు మెరుస్తోంది. ఎడమవైపు తెల్లగా వదిలేసిన చోట మాత్రం సన్నటి గాట్లు. పెన్సిలు చెరిగిపోయినా నొక్కు పోలేదు. కుండ పొట్ట వెంబడి ఒకదాని పక్కన ఒకటిగా, ఒత్తుగా, ఓపిగ్గా గీసిన గీతలు అవి.

"ఇంత గట్టిగా రుద్దావేరా," అన్నారు మాస్టారు. "కాగితం నూగు లేచిపోయింది."

"కోపం వచ్చింది గురువుగారూ."

"కిటికీలు ఎటున్నయ్యి మీ బళ్ళో?"

భావనారాయణ ఎగిరిపడ్డాడు. ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు గొంతు పెంచాడు. "ఎడమవైపే! అదే గదా నా మంట! నేను పుస్తకంలో చూసి ఉత్తినే చెప్పలా గురువుగారూ. మీ శిష్యుణ్ణి, ఆమాత్రం చూడనా? స్టూలు దగ్గర నిలబడి, కళ్ళు సగం మూసి, నేనే స్వయంగా చూశా. వెలుతురు శుభ్రంగా ఎడమవైపు నుంచే పడుతోంది. కళ్ళెదుట ఉన్నదాన్ని తిరగేసి వేస్తే పొగరు కాక ఏందది?"

"ఎవరి ఎడమ?" అన్నారు మాస్టారు.

"ఎవరి ఎడమేందండీ? ఎడమంటే ఎడమే గదా!"

మాస్టారి చెవి తమ్మెలు ఎర్రబడ్డాయి. ఆయన్ని బాగా ఎరిగినవాళ్ళకి ఆ ఎరుపు అర్థమవుతుంది. ఒకసారి ఎవరో నాటకాల కాంట్రాక్టరు, ఆయన వేసిన అడవి తెర మీద ఆయన్ని అడక్కుండా నెమలి వేయించినప్పుడు వచ్చిన ఎరుపు అది. ఆ రోజు ఆయన పారితోషికం వద్దని తెర చుట్టుకుని వెళ్ళిపోయారు. భావనారాయణ మాత్రం తన కోపంలో తను ఉన్నాడు. గమనించలేదు.

మాస్టారు మూలనున్న నీళ్ళకూజా తెచ్చారు. రంగుల పెట్టె ఒకటి బోర్లించి గది మధ్యలో పెట్టి, దాని మీద కూజా పెట్టారు. ఒక కాగితం, అట్ట, పెన్సిలు శిష్యుడి చేతికిచ్చారు.

"కూర్చో. వెయ్యి."

భావనారాయణ కోపం సగం దిగిపోయింది. గురువుగారి ముందు బొమ్మ వెయ్యడమంటే అతనికి ఇప్పటికీ ఇష్టమే. అలవాటు ప్రకారం కిటికీ తన ఎడమచేతి వైపు ఉండేట్టు చూసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మాస్టారు ఇంకో అట్ట తీసుకుని, కూజాకు అవతల, అతనికి ఎదురుగా కూర్చున్నారు.

ఇద్దరూ వెయ్యడం మొదలుపెట్టారు. కింద బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. గదిలో పెన్సిళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. భావనారాయణ కళ్ళు సగం మూసి, తెరిచి, మెడ దగ్గర లేతగా మొదలుపెట్టి పొట్ట దగ్గరకొచ్చేసరికి ముదురు చేస్తూ, అంచున తిరిగి పడే వెలుతురు కొద్దిగా వదిలి, ఎంతో శ్రద్ధగా వేశాడు. బాగా వచ్చింది. తల ఎత్తి నవ్వాడు.

"ఇటు తే."

మాస్టారు రెండు కాగితాలూ చాప మీద పక్కపక్కన పెట్టారు. రెండూ ఆ కూజానే. చూడగానే తెలుస్తోంది. శిష్యుడి కూజాకు కుడివైపు నీడ. గురువుగారి కూజాకు ఎడమవైపు నీడ.

భావనారాయణ చూస్తున్నాడు. అతని నవ్వు ముఖం మీద అట్లాగే ఉంది, ఎటు పోవాలో తెలీనట్టు.

మాస్టారు చొక్కా జేబులోంచి రబ్బరు తీసి అతని అరచేతిలో పెట్టారు.

"నాది తప్పు పడింది. చెరిపి దిద్దు."

"గురువుగారూ..."

"వెలుతురు ఎడమవైపు గదరా. నీడ కుడివైపుండాల. నేను తిరగేసి వేశా. చెరుపు."

"మీరు అటువైపు కూర్చున్నారు గదండీ, మీకు అక్కణ్ణుంచి..."

మాట సగంలో ఆగిపోయింది.

అతని కళ్ళ ముందు తరగతి గది కనపడింది. స్టూలుకి ఇవతల బోర్డు పక్కన తనొక్కడు. స్టూలుకి అవతల నేలమీద పిల్లలంతా. తను వాళ్ళ వైపు తిరిగి నిలబడితే కిటికీలు తనకి ఎడమ. వాళ్ళు తన వైపు తిరిగి కూర్చుంటే కిటికీలు వాళ్ళకి కుడి. అన్నాళ్ళూ ఆ కుండను అతను అటువైపు నుంచి ఒక్కసారి చూడలేదు. బోర్డు మీద వేసేటప్పుడైతే కుండ అతని వీపు వెనక ఉంది. పిల్లలకి కుండ చూసి వెయ్యండని చెప్పాడు. వాళ్ళు బోర్డు చూసి వేశారు. చూసి వెయ్యమన్న మాట విన్నది ఒకే ఒక్క పిల్ల.

"చెరుపు," అన్నారు మాస్టారు మళ్ళీ.

భావనారాయణ రబ్బరు వైపు చూశాడు. బొమ్మ వైపు చూశాడు. చెయ్యి లేవలేదు.

"నావల్ల కాదు గురువుగారూ."

"ఏం? నా బొమ్మ మీద చెయ్యి రావట్లా?"

"రావట్లేదండీ."

"మరి ఆ పిల్ల బొమ్మ మీదకి ఎట్టా వచ్చిందిరా?"

ఆ గదిలో అన్నేళ్ళు నేర్చుకున్న భావనారాయణ ఆయన గొంతు అంత పెద్దది కావడం ఎప్పుడూ వినలేదు. కిటికీ మీద వాలిన పిచ్చుక లేచిపోయింది.

"రెండుసార్లు చెరిపావు. ఒకసారి చెరిపితే మళ్ళీ వేసింది. నువ్వు మాస్టారివి, పెద్దవాడివి, బెత్తం ఉన్నవాడివి. క్లాసంతా నీవైపే ఉంది. అయినా తనకి కనపడిందే వేసింది. ఏడో తరగతి పిల్లరా! నా బతుకంతా వెతికితే అట్టాంటి శిష్యుడు నాకు ఒక్కడు దొరకలా. నీకు దొరికితే బయట కూర్చుని లెక్కలు చేసుకోమన్నావా?"

భావనారాయణ రబ్బరు తిరిగి ఇవ్వబోయాడు. మాస్టారు తీసుకోలేదు.

"ఉంచుకో నీ దగ్గరే. పో, పొద్దు పోతోంది."

అతను తెచ్చిన కాగితాలు చుట్టుకుని మెట్లు దిగాడు. నీళ్ళు తాగలేదన్న సంగతి సగం దారిలో గుర్తొచ్చింది.

ఆదివారం అతనికి గడవలేదు. ఏస్తేరు ఇల్లు ఎక్కడో అతనికి తెలీదు. ఏ పేటో కూడా తెలీదు. పిల్ల చేతిరాత తెలుసు, ఛాయలు తెలుసు, ఇల్లు తెలీదు. పోనీ సోమవారం క్లాసులో అందరి ముందూ చెప్పేద్దాం అనుకున్నాడు. "నీదే కరెక్టమ్మా ఏస్తేరూ, నేనే పొరబడ్డా," అని. ఆ మాట ఎట్లా చెప్పాలో, గొంతు ఎంత మెత్తగా పెట్టాలో కూడా అనుకుని చూసుకున్నాడు. పిల్లలంతా చప్పట్లు కొడతారు. ఆ పిల్ల ముఖం విప్పారుతుంది. సాయంత్రానికల్లా అతనికి కొంచెం హాయిగా కూడా అనిపించింది.

చూశారా, ఎంత తొందరగా తేలిక పడిపోయాడో! రెండుసార్లు చెరిపిన చెయ్యి అతనిదే. ఒక్క మంచి మాటతో ఆ లెక్క తీరిపోతుందని, అప్పుడు కూడా అందరూ తననే మెచ్చుకుంటారని అనుకున్నవాడూ అతనే. పెద్దవాళ్ళం మనం ఎప్పుడూ ఇంతే. తప్పు దిద్దుకోడానికి బయల్దేరేముందు దండ ఎవరు వేస్తారో చూసుకుంటాం. అవతలివాళ్ళు ఈలోగా ఏం చేసి ఉంటారన్నది తట్టదు.

సోమవారం డ్రాయింగు గంట కొట్టారు. భావనారాయణ తరగతిలోకి వెళ్ళాడు. స్టూలు మీద కుండ ఉంది. బోర్డు మీద అతను వేసిన బొమ్మ అట్లాగే ఉంది, పక్కన చెరపరాదు అని అతనే రాసిన అక్షరాలతో సహా. పిల్లలు లేచి నిలబడి నమస్కారం పెట్టి కూర్చున్నారు. రెండో వరసలో ఒకచోట ఖాళీగా ఉంది.

ఏస్తేరు గుమ్మం బయట నిలబడి ఉంది. రెండు జడలు, ముడిచిన పెదవులు. చేతిలో కాగితం. గుమ్మం దాటలేదు.

"సార్, చెప్పినట్టు వేసుకొచ్చా. లోపలికి రావచ్చా?"

భావనారాయణ వెళ్ళి కాగితం అందుకున్నాడు.

కుండ. ఎడమవైపు వెలుతురు, కుడివైపు నీడ. ఎక్కడా గీత తొణకలేదు. బోర్డు మీద ఉన్నదాని కంటే బాగుంది. మూతి గుండ్రంగా ఉంది, ఎక్కడా పగల్లేదు.

"ఇప్పుడు కరెక్టేనా సార్?" అంది ఏస్తేరు. ఆ గొంతులో కోపం కూడా లేదు. ఉంటే అతనికి బాగుండేది.

అతను గుమ్మంలోంచి వచ్చే వెలుతురుకి ఆ కాగితాన్ని ఏటవాలుగా పట్టాడు. ఎందుకు పట్టాడో అతనికే తెలీదు, చెయ్యి దానంతట అది వంగింది. తెల్లగా వదిలిన ఎడమవైపు సన్నటి గాట్లు కనపడ్డాయి. కుండ పొట్ట వెంబడి ఒకదాని పక్కన ఒకటిగా, ఒత్తుగా, ఓపిగ్గా. పైన మూతి దగ్గర ఒక చిన్న సొట్ట నొక్కు. ఎదురుగా కుండ లేకపోయినా, ఇంట్లో కూర్చుని గుర్తు పెట్టుకుని వేసింది. ముందు తను చూసింది చూసినట్టు అంతా వేసింది. తర్వాత తనే చెరుపుకుంది.

ఎంత బాగా చెరిపిందో! కాగితం నూగు కూడా లేవలేదు.

భావనారాయణకి ఒళ్ళు మండింది. తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. తను రెండుసార్లు చెరిపినా పోనిదాన్ని, ఒక్క మాటతో ఆ పిల్ల చేతనే చెరిపించాడు. ఇక ఇప్పుడు "నీదే కరెక్టు" అంటే ఆ పిల్ల ఆ మాట కూడా నమ్ముతుంది. సార్ చెప్పారు కనక నమ్ముతుంది. నీడ ఎడమవైపు అంటే ఎడమవైపు వేస్తుంది, రేపు మళ్ళీ కుడివైపంటే కుడివైపు వేస్తుంది.

"లోపలికి రామ్మా," అన్నాడు.

ఏస్తేరు వచ్చి తన చోట కూర్చుంది. పెట్టె తెరిచి పెన్సిలు తీసుకుంది. తల ఎత్తి చూసింది, కుండ వైపు కాదు, బోర్డు వైపు.

భావనారాయణ డస్టరు తీసుకుని బోర్డు మీద బొమ్మ తుడిచేశాడు. కుండ పోయింది, నీడ పోయింది, చెరపరాదు అన్న అక్షరాలు కూడా పోయాయి. పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. "సార్, మేం ఇంకా ఎక్కించుకోలా!" అన్నాడు ప్రణీత్ కంగారుగా.

అప్పుడే హెడ్మాస్టరు గారు గుమ్మంలోకి వచ్చారు. ఆయనకి ఎప్పుడూ తొందరే.

"భావనారాయణ గారూ, ఆ పోటీకి పేరు చెప్పనేలేదు. ఇవాళ పంపాలండీ."

"ఏస్తేరండీ."

"ఆ పిల్లా? మాట వినదన్నారుగా మొన్న?"

"వినేసిందండీ," అన్నాడు భావనారాయణ. "అదే వచ్చిన కష్టం."

హెడ్మాస్టరు గారికి అర్థం కాలేదు. అర్థం కాకపోయినా తల ఊపి పేరు రాసుకుని వెళ్ళిపోయారు. ఏస్తేరు ముఖంలో ఏమీ కదల్లేదు. పేరు తనదేనా, ఇంకెవరిదైనా ఏస్తేరుదా అన్నట్టు చూసింది.

భావనారాయణ డస్టరు కింద పెట్టాడు. అట్టా పెన్సిలూ తీసుకుని బోర్డు దగ్గర్నుంచి కదిలాడు. స్టూలు పక్కనుంచి నడిచి, కుండ దాటి, పిల్లల వైపుకి వచ్చాడు. వచ్చి, పాంటు నలుగుతుందని చూసుకోకుండా, రెండో వరసలో ఏస్తేరు పక్కన నేలమీద చతికిలబడ్డాడు. మాస్టారు కింద కూర్చోవడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు. ముందు వరసలో ఒక పిల్ల భయపడి లేచి నిలబడింది.

జేబులో గురువుగారి రబ్బరు తగిలింది. దాన్ని తియ్యలేదు. అట్ట ఒళ్ళో పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని, కళ్ళు సగం మూసి స్టూలు వైపు చూశాడు. ముందున్న పిల్లవాడి భుజం అడ్డం వచ్చింది.

ఏస్తేరు తెల్ల కాగితం ముందు పెట్టుకుని కాచుకుని ఉంది. కాసేపు చూసి, మెల్లగా అడిగింది.

"సార్, నీడ ఎటు వెయ్యమంటారు?"

"నాకు తెలీదమ్మా," అన్నాడు భావనారాయణ. "కొంచెం జరుగు. చూడాలి."